రాగిరేకు, లక్కపళ్లెం: నాదరక్షణలో ఒక ధర్మసూక్ష్మం

శబ్దం ఎక్కడ ఉంటుంది? భారతీయ దర్శనాలలో అతి ప్రాచీనమైన వివాదాలలో ఇది ఒకటి. న్యాయవైశేషికులు శబ్దాన్ని ఆకాశగుణంగా పరిగణించి, అది పుట్టి నశించేదని నిర్ణయించారు. చెరువులో రాయి పడినప్పుడు ఒక అల మరొక అలను పుట్టించినట్లు, ఒక శబ్దం మరొక శబ్దాన్ని పుట్టిస్తూ శ్రోత చెవిని చేరుతుందని వీచీతరంగన్యాయంతో వివరించారు. మీమాంసకులు దీనిని అంగీకరించలేదు. వర్ణాత్మకమైన శబ్దం నిత్యమని, కంఠతాల్వాదుల వ్యాపారం దానిని పుట్టించదని, చీకటిగదిలోని ఘటాన్ని దీపం చూపినట్లు అభివ్యక్తం మాత్రమే చేస్తుందని వారి సిద్ధాంతం. వేదశబ్దాన్ని గూర్చి సాగిన ఈ విచారం సంగీతాన్ని ఉద్దేశించినది కాదు. అయినా 19వ శతాబ్ది చివరి భాగంలో వెలువడిన ఒక యంత్రం ఈ ప్రశ్నను మళ్లీ సామాన్య గృహస్థుని ముంగిట నిలిపింది.

1877లో ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్తంభంపై మానవకంఠాన్ని గీతగా గీయించి, ఆ గీత నుండి అదే కంఠాన్ని తిరిగి వినిపించాడు. పది సంవత్సరాల తరువాత, 1887లో, ఎమిలీ బెర్లినర్ స్తంభానికి బదులు చదునైన పళ్లెంపై సర్పిలాకారంలో గీత గీసే విధానాన్ని కనుగొన్నాడు. అదే గ్రామఫోన్. పళ్లెంపై గీత ఉంది, కాని గీతలో ధ్వని లేదు. దానిని చెవి దగ్గర పెట్టుకొన్నా నిశ్శబ్దమే. పళ్లెం తిరిగి, ముల్లు గీతను తాకినప్పుడే నాదం వినబడుతుంది. ప్రతిసారి కొత్త శబ్దం పుట్టిందని నైయాయికుడు అంటాడు. ఉన్నదే వ్యక్తమైందని మీమాంసకుని ధోరణిలో వాదించేవాడు అంటాడు. గీత స్వయంగా శబ్దం కాదనే విషయంలో మాత్రం ఇద్దరికీ విభేదం ఉండదు. అది ఒక సంస్కారం. గతించిన అనుభవం చిత్తంలో విడిచిన ముద్ర వంటిది.

అట్లైతే నాదాన్ని రక్షించడమంటే దేనిని రక్షించడం? ముద్రనా, శ్రవణాన్నా? గ్రామఫోన్ పళ్లేలను సేకరించి, వాటి ధ్వనిశుద్ధిని గూర్చి గంటలకొలది చర్చించే సంగ్రాహకుల శతాధిక వర్షాల చరిత్ర ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

రాగిరేకుల సాక్ష్యం

ఈ ప్రశ్నకు తెలుగునాట గ్రామఫోన్ కంటె మూడువందల సంవత్సరాలకు పైగా పూర్వమే ఒక సాక్ష్యం సిద్ధమై ఉంది. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) గానం చేసిన సంకీర్తనలను ఆయన కుమారుడైన పెదతిరుమలాచార్యుల కాలంలో రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. రెండు వేలకు పైబడిన ఆ రేకులు ఎండకు ఎండక, వానకు తడవక, చెదలకు చిక్కక నిలిచాయి. తాటాకుకు లేని దీర్ఘాయువు రాగికి ఉంది. కాలక్రమంలో ఆ అరను పట్టించుకొన్నవారు లేకపోయారు. 20వ శతాబ్ది పూర్వార్ధంలో రేకులు వెలుగు చూసి, వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలైన పండితుల కృషితో పరిష్కృతమై అచ్చయ్యాయి.

అప్పుడు ఒక విషాదం బయటపడింది. ప్రతి కీర్తన తలపై రాగనామం ఉంది. పల్లవి ఉంది, చరణాలు ఉన్నాయి. స్వరలిపి మాత్రం లేదు. భజన సంప్రదాయంలో కొద్ది కీర్తనలు నోటినుండి నోటికి నిలిచినా, అత్యధిక భాగానికి మూలమైన వరుస లుప్తమైంది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు తరువాత సమకూర్చిన స్వరకల్పనల మహిమ వలననే ఆ సాహిత్యం నేడు మళ్లీ గానమవుతోంది. అన్నమయ్య గొంతులో పలికిన వరుస ఏదో తెలిపే ఆధారం రేకుపై లేదు.

ముద్ర సురక్షితంగా ఉండి శ్రవణపరంపర తెగిపోతే ఏమి మిగులుతుందో ఈ చరిత్ర చెబుతుంది. దీనికి ప్రతిగా, త్యాగరాజస్వామి కృతులు రాగిపైకి ఎక్కలేదు. అవి శిష్యుల కంఠాలలో, వారి తాళపత్రాలలో, వారి శిష్యుల కంఠాలలో నిలిచాయి. పాఠాంతరాలు ఏర్పడినా పాట ఆగలేదు.

లక్కపళ్లెం

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ధ్వనిముద్రకుడు ఇంగ్లండులోని గ్రామఫోన్ కంపెనీ పక్షాన కలకత్తాకు వచ్చాడు. అతడు ముద్రించిన కళాకారులలో గౌహర్ జాన్ అగ్రగణ్య. పాట ముగియగానే ఆమె తన పేరును ఇంగ్లీషులో గట్టిగా ప్రకటించేది. ముద్రికలు జర్మనీలోని హానోవర్‌కు చేరి అక్కడ పళ్లేలుగా తయారయ్యేవి గనుక, ఏ పాట ఎవరిదో అక్కడివారు గుర్తించడానికి ఆ ప్రకటన ఉపయోగపడేది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం వెలసిన తరువాత పళ్లేలు ఈ దేశంలోనే తయారుకాసాగాయి. మద్రాసు కూడ త్వరలోనే ధ్వనిముద్రణకు కేంద్రమైంది. కుక్కబొమ్మ రికార్డు తెలుగు లోగిళ్లలో ప్రవేశించింది. కపిలవాయి రామనాథశాస్త్రి రంగస్థల పద్యాలు నాటకం చూడనివారి చెవిని కూడ చేరాయి.

ఆ పళ్లేనికి ప్రాణభూతమైన ద్రవ్యం భారతదేశానిదే. మోదుగ, రేగు, కుసుమ వృక్షాల కొమ్మలపై పెరిగే చిన్న కీటకం స్రవించే జిగురే లక్క. మహాభారతంలో పాండవులను దహించడానికి కట్టిన ఇల్లు ఈ లక్కతోనే. యజ్ఞానికి సమిధనిచ్చే పలాశమే గానానికి ఆధారమిచ్చింది. లక్కకు మెత్తటి రాతిపొడి, నూలుపీచు, మసి కలిపి వేడిగా అచ్చువేస్తే రికార్డు తయారవుతుంది. అది చేజారితే పగిలిపోతుంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో లక్క కొరత ఏర్పడినప్పుడు బ్రిటన్, అమెరికా దేశాలలో పాత రికార్డులను సేకరించి, నలగగొట్టి, కొత్తవాటికి వాడుకొన్నారు. అట్లు ఎన్ని గానాలు పొడి అయ్యాయో లెక్కకు అందదు.

పది అంగుళాల పళ్లెం ఒక ముఖంపై సుమారు మూడు నిమిషాల గానానికే చోటుండేది. గంటసేపు రాగాలాపన చేయగల విద్వాంసుడు మూడు నిమిషాలలో రాగస్వరూపాన్ని నిలపవలసి వచ్చింది. కొందరు దీనిని సంగీతానికి జరిగిన అపచారంగా భావించారు. అయినా సూత్రవాఙ్మయాన్ని ఎరిగిన దేశానికి ఈ సంక్షేపం కొత్తది కాదు. విస్తరించగలవాడే సంక్షేపించగలడు. ఉత్తమ విద్వాంసుల 78 వేగపు రికార్డులలో మొదటి క్షణంలోనే రాగం సాక్షాత్కరిస్తుంది.

శ్రుతి అనే ప్రమాణం

సంగ్రాహకుల ధ్వనిచర్చను కొందరు ఇంద్రియలౌల్యంగా తలుస్తారు. ఆ చర్చ లోతులకు వెళితే అందులో సత్యనిష్ఠ కనబడుతుంది. ఉదాహరణకు వేగాన్ని పరిశీలించవచ్చు. రికార్డు నిమిషానికి 78 సార్లు తిరగాలనే నియమం తొలినాళ్లలో స్థిరపడలేదు. 72 సార్లు తిరిగే యంత్రంపై ముద్రితమైన గానాన్ని 78 వేగంతో వినిపిస్తే శ్రుతి అర్ధస్వరం కంటె అధికంగా పైకి పోతుంది. కాలం త్వరపడుతుంది, గమకం కుదించుకుపోతుంది, గంభీరమైన కంఠం బాలకంఠమవుతుంది. వినేవాడు ఆ గాయకునిదే అనుకొని మరొకరి కంఠాన్ని వింటాడు. అందుచేత వివేకి అయిన సంగ్రాహకుడు గాయకుని సహజశ్రుతిని, తోడు వాయిద్యాల స్థాయిని విచారించి పళ్లెం వేగాన్ని సరిదిద్దుతాడు. ప్రమాణం సరిలేకపోతే ప్రమేయజ్ఞానం సరికాదనే తర్కశాస్త్రనియమమే ఇక్కడ ఆచరణలో ఉంది.

రెండవది తంబురా. తంబురా తీగ కింద, గుర్రంపై, ఒక నూలుపోగును ఉంచి సరిచేస్తారు. దానిని జీవ అంటారు. అది సరిగా కుదిరినప్పుడు ఒకే తీగ నుండి అనేక అనుస్వరాలు విచ్చుకొని, ఎవరూ మీటని గాంధారం కూడ ధ్వనిస్తుంది. 1925కు పూర్వం కళాకారుడు ఒక పెద్ద కొమ్ముబూర ముందు గొంతెత్తి పాడితే, ఆ ఊపిరి బలమే ముల్లును కదిలించి గీత గీసేది. ఆ విధానంలో అతిమంద్ర, అతితార కంపనాలు అందేవి కావు. తంబురా రూపం లీలగా వినబడినా దాని జీవ వినబడేది కాదు. 1925లో మైక్రోఫోన్, విద్యుత్ ముద్రణ వచ్చిన తరువాతనే సూక్ష్మధ్వనులకు ప్రవేశం లభించింది. వీణ ధనమ్మాళ్ రికార్డులు ఆ తరువాతి దశకానివి. మద్రాసు జార్జిటౌన్‌లోని ఆమె ఇంట శుక్రవారం సాయంకాలాలలో జరిగే వాదనకు విద్వాంసులు చేరేవారు. ఆ వీణ ఎంత మెల్లగా పలికేదంటే శ్రోతలు నిశ్శబ్దంగా ఉండవలసిందే. నేటికీ ఆ రికార్డు వినేవాడు గీతలోని బరబర శబ్దాన్ని దాటి, చెవిని లోపలికి పంపి, ఆ వీణను చేరుకోవాలి.

భర్తృహరి వాక్యపదీయంలో ప్రాకృతధ్వని, వైకృతధ్వని అనే విభాగం ఉంది. స్ఫోటాన్ని తెలిపేది మొదటిది. దానిపై ద్రుతవిలంబితాది భేదాలతో కొనసాగేది రెండవది. ఉపమానంగా మాత్రమే గ్రహిస్తే, రికార్డు రొదను గానం నుండి వేరుచేసే సంగ్రాహకుని చెవి కూడ ఇట్టి వివేకాన్నే అభ్యసిస్తోంది.

అరిగిపోయిన రికార్డు

ఈ చరిత్రలోని ధర్మసూక్ష్మం ఇక్కడే ఉంది. లక్కరికార్డును ఉక్కుముల్లుతో వినేవారు. పళ్లెంలోని రాతిపొడి ముల్లును అరగదీసి గీతకు సరిపోయేటట్లు చేస్తుంది. అందుకే ప్రతి పాటకు కొత్త ముల్లు పెట్టాలనేవారు. ముల్లు అరిగినట్లే గీత కూడ అరుగుతుంది. ఒక్కొక్క శ్రవణానికి ఆ గీత నుండి కొంత నాదం శాశ్వతంగా తొలగిపోతుంది. వినడమే వ్యయం. చందనం అరిగితేనే గంధం.

తెలుగులో విసుగుపుట్టించే మాటను అరిగిపోయిన రికార్డుతో పోలుస్తారు. చరిత్రదృష్టితో చూస్తే ఈ సామెతలో రికార్డుకు అన్యాయం జరిగింది. ఏ పళ్లెం అరిగింది? వందసార్లు విన్నది. ఏ పద్యం దగ్గర గీత తెల్లబడింది? ఇంటివారంతా మళ్లీ మళ్లీ ముల్లును వెనక్కి పెట్టించుకొన్న చోట. కరుణశ్రీ పద్యాలను ఘంటసాల గానం చేసిన పుష్పవిలాపం రికార్డు ఏ మచ్చా లేకుండా దొరకడం అరుదైతే, దానికి కారణం ఆ పద్యాలపై జనానికి ఉన్న ప్రేమయే.

నేటి సంగ్రాహకుడు వెదికేది దీనికి విపరీతమైనది. అతనికి మచ్చలేని ప్రతి కావాలి. మచ్చలేని ప్రతి అంటే ఎవరూ విననిది. ఒక ఇంటిలో ఎవరికీ నచ్చక, లేక యంత్రం పాడై, కాగితపు సంచిలో నిద్రించిన పళ్లెమే ఉత్తమ ధ్వనినిస్తుంది. అత్యంత ప్రీతిపాత్రమైన ప్రతి అత్యంత హీనధ్వనితో మిగులుతుంది. ధ్వనిశుద్ధికి, భక్తికి మధ్య ఇంతటి విరోధం మరెక్కడా కనబడదు.

అయితే ఈ విరోధంలో సంగ్రాహకుడు దోషి కాడు. కంపెనీలు లాభం తీరిన పాత రికార్డులను ముద్రించడం మానినప్పుడు, ఇళ్లవారు వాటిని తూకానికి అమ్మినప్పుడు, వాటిని ఎత్తి తుడిచినవాడు అతడే. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో అగ్నికి ఆహుతి కాకముందు, పాత పుస్తకాల నడుమ గుట్టలుగా పడి ఉన్న రికార్డులలో వెదికినవారు ఎందరో. వి.ఎ.కె. రంగారావు వంటివారు వేలాది 78 వేగపు రికార్డులను సేకరించి, వాటి గాయకులు, రచయితలు, ముద్రణ వివరాలను కాలగర్భంలో కలసిపోకుండా నిలిపారు. మైకేల్ కిన్నియర్ గ్రామఫోన్ కంపెనీ తొలి భారతీయ ముద్రణల పట్టికను గ్రంథస్థం చేశాడు. సంగ్రాహకులకు తమ ఆచారాలు ఉన్నాయి. పళ్లేన్ని అంచులతోనే పట్టుకోవాలి. దీపానికి ఏటవాలుగా పెట్టి గీతను చూడాలి. లేబులు చుట్టూ చెక్కిన ముద్రికసంఖ్యను చదవాలి. లక్కను కరిగిస్తుంది గనుక మద్యసారంతో తుడవరాదు. నిలువుగా నిలపాలి, ఒకదానిపై ఒకటి పేర్చరాదు. కొత్తగా దొరికిన పళ్లేన్ని ఒక్కడే వినడు, నలుగురిని పిలుస్తాడు. ఏ ప్రతిలో కంఠం స్పష్టమో, ఏ వేగం సరియైనదో వాదం జరుగుతుంది. ఇందులో గర్వం ప్రవేశించవచ్చు, స్పర్ధ ప్రవేశించవచ్చు. అయినా నలుగురు కూడి మౌనంగా విన్న ఆ మూడు నిమిషాలు సత్సంగంతో సమానమే.

దీర్ఘవాదనం

1948లో అమెరికాలో కొలంబియా సంస్థ దీర్ఘవాదన రికార్డును, అనగా ఎల్‌పీని, విడుదల చేసింది. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే ఆ వినైల్ పళ్లెంపై ఒక ముఖానికి ఇరవై నిమిషాలకు పైగా గానం ఇమిడింది. గీత రొద తగ్గింది. ముల్లు వజ్రానిదైంది, దాని బరువూ తగ్గింది.

ఈ మార్పు భక్తలోకానికి చేసిన మేలు ప్రత్యక్షం. 15వ శతాబ్దిలో ప్రతివాదిభయంకరం అణ్ణన్ రచించిన శ్రీవేంకటేశ సుప్రభాతంలో 29 శ్లోకాలు. స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనాలతో కలిపి 70. మూడు నిమిషాల పళ్లేలపై దానిని ముక్కలుచేసి, నడుమ నడుమ ముల్లు మార్చి వినవలసి వచ్చేది. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానం చేసిన ఎల్‌పీ వెలువడినప్పుడు ఆ స్తుతి అఖండధారగా ఇళ్లలో ప్రవహించింది. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రోత్సాహంతో ఆమె గానం చేసిన బాలాజీ పంచరత్నమాల అయిదు ఎల్‌పీలుగా వచ్చింది. అందులో అన్నమాచార్యుల కీర్తనలు ఉన్నాయి. నాలుగు శతాబ్దాలు మౌనంగా ఉన్న రాగిరేకు ఈ నల్లని రేకుపైకి వచ్చి పలికింది. మొదటి రేకు సాహిత్యాన్ని దాచింది, రెండవది గానాన్ని దాచింది. రెండింటి నడుమ ఒక గురువు వరుస కూర్చి ఉండకపోతే, ఒక గాయని దానిని అభ్యసించి ఉండకపోతే, ఈ సంయోగమే జరిగేది కాదు.

అరగని నాదం

1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థల కృషితో సీడీ విపణికి వచ్చింది. ఇందులో గీత లేదు, ముల్లు లేదు. సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో ఒకదానిగా గుర్తించి, ఆ సంఖ్యలను సూక్ష్మమైన గుంటలుగా ముద్రిస్తారు. మానవుని చెవి సుమారు 20,000 కంపనాల వరకు వినగలదు. దానికి రెట్టింపుకు మించి కొలిస్తే ఆ పరిధిలోని ధ్వని సంపూర్ణంగా పునర్నిర్మాణమవుతుందని గణితం నిరూపించింది. చదివేది కాంతికిరణం గనుక శ్రవణం వలన అరుగుదల లేదు.

సీడీలో మరొక విశేషం వేదాధ్యాయులకు పరిచితమైనదే. సంఖ్యలను వరుసగా ముద్రించక, చెదరగొట్టి, పరస్పరం పరీక్షించుకొనే అదనపు సంఖ్యలతో పెనవేస్తారు. ఒక గీత పడినా నష్టం ఒకచోట గుమికూడదు. మిగిలిన వాటినుండి లోపాన్ని పూరించవచ్చు. పదాలను ముందువెనుకలుగా తిప్పి మళ్లీ మళ్లీ వల్లించే జటాఘనపాఠాల వెనుక ఉన్న దృష్టి ఇదే. ఒకచోట తప్పు దొర్లితే మరొకచోట పట్టుబడుతుంది. భేదం ఒక్కటే. ఘనపాఠి కంఠంలో ఆ రక్షణ సజీవంగా ఉంది. సీడీలో దానిని యంత్రం నిర్వహిస్తోంది.

అరుగుదల తొలగినా అపచారం తొలగలేదు. పాత గానాన్ని సీడీకి ఎక్కించేటప్పుడు రొదను పూర్తిగా తుడవాలనే ఆతురతలో తంబురా జీవను, కంఠంలోని ఊపిరిని కూడ తుడిచిన సందర్భాలు ఉన్నాయి. 1990ల తరువాత ప్రతి స్వరాన్నీ సమానంగా బిగ్గరగా వినిపించే ధోరణి ప్రబలింది. మెల్లగా మొదలై ఉచ్ఛ్రాయం పొందే ఆలాపనలోని ఎత్తుపల్లాలు చదునయ్యాయి. అందుకే అదే గానం లక్కరికార్డు ఒకటి, ఎల్‌పీ ఒకటి, సీడీలు రెండు కొని పోల్చిచూసేవారు ఉన్నారు. వారి కోరిక వ్యర్థం కాదు; గాయకుడు మెల్లగా పాడినచోట మెల్లగానే వినబడాలని వారి వాదం.

ఇక్కడ పాత ప్రమాదం కొత్త రూపంలో ఎదురవుతుంది. సంఖ్యారూపమైన నాదాన్ని దీపం నుండి దీపం వెలిగించినట్లు లోపం లేకుండా ప్రతులు తీయవచ్చు. అరచేతిలో ఇమిడే పెట్టెలో వేల గంటల గానం చేరుతుంది. ఒక జీవితంలో వినలేనంత సంగీతం ఒక్కని ఇంట నిశ్శబ్దంగా పడి ఉంటుంది. మచ్చలేదు, అరుగుదల లేదు, శ్రోత లేడు. అది మళ్లీ ద్వారం మూసిన సంకీర్తన భాండారమే.

శ్రవణమే ఫలం

నవవిధభక్తులలో మొదటిది శ్రవణం. పరీక్షిన్మహారాజు ఏడు దినాలు భాగవతం విన్నాడు. దానిని దాచుకొనే వ్యవధి అతనికి లేదు, దాచుకొనే ఆశా లేదు. అతని శ్రవణం పూర్ణం. కాని ఆ కథ నేటివరకు చేరిందంటే, దానిని దాచినవారు, వల్లించినవారు, తప్పులు దిద్దినవారు తరతరాలుగా ఉండబట్టియే. దాచేవాడు లేకపోతే వినేవానికి వస్తువు లేదు. వినేవాడు లేకపోతే దాచినదానికి ప్రయోజనం లేదు.

ఈ రెండు ధర్మాలనూ పాటించిన సంగ్రాహకుడు మచ్చలేని ప్రతిని ఒక్కసారి శ్రద్ధగా, సరియైన వేగంతో, సరియైన ముల్లుతో వినిపించి, సంఖ్యారూపంలోకి మార్చి, పదిమందికి పంచుతాడు. అరిగిన ప్రతిని కూడ పారవేయడు. మొదటిది గాయకుని సాక్ష్యం. రెండవది శ్రోతల సాక్ష్యం. గీతలోతు తగ్గినచోట ఒక కుటుంబం ఏ చరణాన్ని ప్రేమించిందో అది చెబుతుంది.

శబ్దం నిత్యమా, అనిత్యమా అనే వివాదాన్ని ఏ రికార్డూ తీర్చలేదు. గీత నిత్యం కాదని మాత్రం రాగి, లక్క, వినైల్, వెండిరంగు సీడీ ఒక్కొక్కటిగా తెలిపాయి. రాగిరేకు అరగలేదు, కాని దాని వరుస పోయింది. లక్కపళ్లెం అరిగిపోయింది, విన్నవారి నోట ఆ పద్యం నేటికీ అదే రాగంలో పలుకుతూనే ఉంది.